అమ్మాయి తరఫు లెన్స్

కెమెరా లెన్సు ధర ఎంత ఎక్కువైతే దానితో తీసిన ఫొటో అంత గొప్పగా ఉంటుంది. ఇందులో సందేహానికి తావు లేదు. సందేహించేవారు ఎవరైనా ఉంటే వారికి ఫొటోలను చూసే దురలవాటు ఉండి ఉండాలి.

నేను ముప్పైనాలుగు సంవత్సరాలు నల్లగొండలో డిగ్రీ విద్యార్థులకు కాంతిశాస్త్రం బోధించాను. కిరణం గాజులో ఎక్కడ వంగుతుందో, వంగవలసిన చోట వంగకపోతే బొమ్మ ఎందుకు చెదురుతుందో నల్లబల్ల మీద గీసి చూపించాను. అన్ని పాఠాలలోనూ ఒక్కసారైనా ధర ప్రస్తావన తేలేదు. ఎంత ఘోరమైన లోపం! నా దగ్గర చదివిన వందలాది మందికి సగం విద్యే అందిందని ఇప్పుడు పశ్చాత్తాపపడుతున్నాను.

ధర వల్ల కలిగే మొదటి మేలు శ్రమ తప్పడం. పూర్వం ఒక ఫొటో చేతికిస్తే మనిషి దానిని వెలుతురు వైపు తిప్పి, ముఖాలు వెదికి, కాసేపు ఆగి, బాగుందో లేదో తనంతట తాను తేల్చుకోవలసి వచ్చేది. ఇప్పుడు "ఏ లెన్స్?" అని అడిగితే చాలు. రెండు లక్షలదంటే అద్భుతం. ఎనిమిది వేలదంటే పర్వాలేదు. అభిప్రాయం ఏర్పరచుకునే బాధ్యత నుండి మానవజాతికి ఇంతటి విముక్తి మరెవరు ప్రసాదించారు?

మొన్నటి వానాకాలం సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మా కాలనీలోని ఒక రిటైర్డు ఇంజనీరు గారు తన కొత్త లెన్సు తీసుకొని వెళ్లారు. ఆ లెన్సు ఎంత దూరానిదాన్నయినా దగ్గరకు లాగుతుంది. దగ్గరున్నదాన్ని మాత్రం లెక్కచేయదు. ఇరవై ఆరు గేట్లూ, కృష్ణ అంతా ఎదురుగా ఉండగా ఆయన ఫొటోలోకి వచ్చింది ఒక గేటు మీది ఒకే ఒక బోల్టు. ఆ బోల్టును కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కింద లెన్సు వెల కూడా పెట్టారు. నూట పద్నాలుగు మంది చేతులు జోడించారు! ఆయన భార్య ఫోనుతో తీసిన నీళ్ల ఫొటోకు ఇద్దరు స్పందించారు. అందులో ఒకరు ఆమె చెల్లెలు.

ఇక నిర్మాణ నాణ్యత. ఖరీదైన లెన్సు ఒళ్లంతా లోహం. వాన చినుకు లోపలికి దూరకుండా దానికి రబ్బరు అంచులు ఉంటాయి. వాన కోసం ఏటా ఆకాశం వైపు చూసే జిల్లాలో వానను రానివ్వని వస్తువుకు ఇంత గిరాకీ ఏమిటని అడగకండి. ఏసీ ఫంక్షన్ హాలులో ఎప్పుడు ఏ వాన పడుతుందో ఎవరు చెప్పగలరు?

అయితే లెన్సు ధర వల్ల కలిగే అసలు మేలు సామాజికమైనది. దానిని వివరించాలంటే మా ప్రాంతపు పెళ్లిళ్ల గురించి చెప్పాలి.

మా పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్లు ఇద్దరు. అమ్మాయి తరఫున ఒకరు, అబ్బాయి తరఫున ఒకరు. పుస్తె ఒకటే, కట్టేది ఒకసారే, ఆల్బములు రెండు. ఈ ఇద్దరూ ఒకే మండపం ముందు ఒకే అడుగు జాగా కోసం మోచేతులతో పోరాడతారు. రాష్ట్రం వచ్చిన తరువాత ఫంక్షన్ హాళ్లు పెరిగాయి, మండపాలు పెరిగాయి. ఆ అడుగు జాగా మాత్రం పెరగలేదు. కాబట్టి ఎవరు ముందు నిలబడాలన్న తగవును ఎవరో ఒకరు తీర్చాలి. ఆ పెద్దరికం ఇప్పుడు లెన్సు వహిస్తున్నది.

మా అక్క కొడుకు అమరేందర్ నల్లగొండలో విత్తనాల వ్యాపారం చేస్తాడు. పోయిన మాఘమాసంలో అతని కూతురు అక్షిత పెళ్లి షాద్‌నగర్ వారితో కుదిరింది. పూలుపండ్లు పెట్టి మాట ఖాయం చేసుకున్న నాడు వియ్యంకుడు మిక్చరు తింటూ మాటల మధ్యలో ఒక వాక్యం అన్నాడు. తమ తరఫున కురుమయ్య అనే ఫొటోగ్రాఫర్ వస్తున్నాడనీ, అతని లెన్సు ఒక్కటే మూడు లక్షలనీ. అమరేందర్ ఆ తరువాత మిక్చరు ముట్టలేదు.

మరునాడు నా దగ్గరకు వచ్చి, నాకు తెలిసిన మంచి ఫొటోగ్రాఫర్ ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఉన్నదని చెప్పాను. మల్లిక నా చివరి బ్యాచి విద్యార్థిని. సగం మరలు ఊడిపోయిన మా కాలేజీ స్పెక్ట్రోమీటరుతో సరైన విలువ రాబట్టిన ఏకైక మనిషి. ఇప్పుడు కేతేపల్లిలో చిన్న స్టూడియో నడుపుతున్నది. మనుషులు తాము చూడబడుతున్నామని మరిచిపోయిన క్షణాన్ని పట్టుకోవడం ఆమెకు తెలుసు.

"ఎవరి బిడ్డ?" అన్నాడు అమరేందర్.

బోరు మోటార్లు బాగుచేసే డేవిడ్ కూతురని చెప్పాను. అతడు మూడు సెకన్లు మౌనంగా ఉన్నాడు. ఆ తరువాత "లెన్స్ ఎంతది?" అని అడిగాడు.

ఆ మౌనానికీ ఈ ప్రశ్నకూ సంబంధం లేదని నేను నమ్ముతున్నాను. చుట్టరికం అలాగే నమ్మమంటుంది.

మల్లిక లెన్సు ఎనిమిది వేలది. ప్లాస్టిక్ ఒళ్లు. తిప్పితే గరగరమంటుంది. కానీ లోపలి ఆరు గాజు బిళ్లలూ నిజాయితీగా సానపట్టినవి. నేను అమరేందర్‌కు అరగంట సేపు వివరించాను. ఖరీదైన లెన్సుకు దాని గొప్ప దానికి ఉన్నది, కాదనడం శాస్త్రం కాదు. మసక వెలుతురులో అది మేలు, పరుగెత్తేదాన్ని త్వరగా పట్టుకుంటుంది, బొమ్మ మూలల్లో కూడా స్పష్టంగా ఉంటుంది. అయితే పెళ్లి ఫొటో మూలల్లో ఏముంటుంది? తెల్ల గుడ్డ తొడిగిన కుర్చీలు, నీళ్ల సీసాల అట్టపెట్టెలు. మూడు లక్షలు పెడితే ఆ పెట్టెల మీది అక్షరాలు చదువుకోవచ్చు.

అమరేందర్ ఓపికగా విన్నాడు.

"చిన్నమ్మా, గాజు సంగతి నీకు తెలుస్తది. చుట్టాల సంగతి నాకు తెలుస్తది. గా పిల్ల చాయ్ గిలాసంత లెన్స్ పట్టుకొని నా బిడ్డ పెండ్లిల నిలవడితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

నా ముప్పైనాలుగు సంవత్సరాల బోధనలో ఇంత సూటిగా ఎదురు చెప్పిన విద్యార్థి లేడు.

ఈ కబురు ఫోనులో చెప్పడం మర్యాద కాదని కేతేపల్లి వెళ్లాను. మల్లిక ఆశ్చర్యపోలేదు. ఈ ఏడు ఇలా వెనక్కి పోయిన పెళ్లి ఇది మూడవదట. తన పాత ఆల్బములు ముందు పెట్టింది. చూశాను. వెలుతురు సరిగా ఉంది, క్షణం సరిగా ఉంది. ప్రతి రెండో ఫొటోకు మాత్రం అడ్డంగా ఎవరిదో వీపు ఉంది. మేనమామ వీపు, వీడియో అతని వీపు, ఎదుటి తరఫు ఫొటోగ్రాఫర్ వీపు. కటకాలకు ఎన్ని లోపాలు ఉంటాయో నేను ఏటా వరుసగా చెప్పేదాన్ని. వీపు నా జాబితాలో లేదు. చిన్న లెన్సు పట్టుకొని నిలబడిన ఆడపిల్ల ముందు నుండి జరగాలని ఎవరికీ తోచలేదు, అంతే.

"షాద్‌నగర్ కాడ మందు గోలీల కంపెనీల ప్యాకింగ్ పని ఉందట మేడం. ఫారం తెచ్చుకున్న. గీ సీజన్ గూడ గిట్లనే పోతే నింపుత."

ఆ మాట పక్క షెడ్డులో మోటారు విప్పుతున్న డేవిడ్ చెవిన పడింది. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బోరు ఎంత లోతు వేయాలని అడిగే మనిషిలాగే అడిగాడు.

"లెన్స్ ఎంత పెద్దగుండాల్నట మేడం?"

షెడ్డు గోడకు ఆనించి నాలుగంగుళాల పైపు ముక్కలు ఉన్నాయి. ఆ క్షణంలో నేను లేచి నల్లగొండ బస్సు ఎక్కి ఉండవలసింది. కూర్చునే ఉన్నాను.

కురుమయ్య తన లెన్సు పట్టుకొని దిగిన ఫొటో, అమరేందర్ పంపినది, నా ఫోనులో ఉంది. అతని అరచేతి కొలతను బట్టి అతని లెన్సు పొడవు కట్టడం పదో తరగతి లెక్క. డేవిడ్ మాత్రం షాద్‌నగర్ వారిని మించిపోవాలన్న ఉత్సాహంతో పైపును మూరెడు కోద్దామన్నాడు. మూరెడైతే ఫొటో మూలలు నల్లబడతాయి. కిరణం ఏ కోణంలో వస్తుందో లెక్కగట్టడానికి నేను కాగితం వెదుకుతుండగానే మల్లిక, "జానెడు బాపూ, గంతకు మించద్దు" అన్నది. తరువాత కాగితం మీద చేసి చూశాను. జానెడే.

కురుమయ్య లెన్సుకు ఉన్నట్టే పైపుకు బయట తెల్ల రంగు, లోపల మెరుపు లేని నల్ల రంగు. కొసన మోటారుకు వాడే ఎర్ర రబ్బరు వాషరు ఒకటి. బరువు చాలదని డేవిడ్ అడుగున కడియంలాంటి ఇనుప బుష్షు ఒకటి బిగించాడు. మల్లిక చిన్న లెన్సు ఆ గొట్టం లోపల బావిలో చెంబులా కూర్చుంది. పాఠకులు దయచేసి గమనించాలి: ఆ గొట్టం మీద ఏ కంపెనీ పేరూ రాయలేదు. ఏ వెలా రాయలేదు. తెల్లగా ఉంది, అంతే. తెల్లగా ఉండడం నేరమా?

వారం తరువాత, మల్లిక పెద్ద లెన్సు తెచ్చిందని విని అమరేందర్ చూడడానికి వచ్చాడు. నన్నూ వెంటబెట్టుకొని వచ్చాడు. రెండు చేతులతో ఎత్తి బరువు చూశాడు. ముఖం విప్పారింది. లోపలికి తొంగి చూసి, గాజు కనిపించడం లేదేమని నన్ను అడిగాడు. లోతుగా ఉందని చెప్పాను. ఉంది.

ఎంతదని డేవిడ్‌ను అడిగాడు.

"గిసొంటిది జిల్లాల ఒక్కటే ఉంది సారూ" అన్నాడు డేవిడ్.

ఇదీ నిజమే. అమరేందర్ మరి ధర అడగలేదు. ఒక్కటే ఉన్నదాని ధర అడగడం లేనితనమవుతుందని అతనికి తెలుసు.

పెళ్లినాడు నేను కాంతిశాస్త్రంలో కొత్త అధ్యాయం నేర్చుకున్నాను.

మల్లిక హాలులోకి అడుగుపెట్టగానే జనం రెండుగా చీలారు. పెళ్లికొడుకు పెద్దనాయన స్వయంగా లేచి, "పెద్ద లెన్స్ వస్తాంది, జర జరుగుండ్రి" అని అందరినీ పక్కకు తప్పించాడు. వీడియో అతను తన స్టూలు ఇచ్చాడు. జీలకర్ర బెల్లం పెట్టించబోయే పంతులు గారు మంత్రం ఆపి, "తయారేనా అమ్మా?" అని అడిగారు! ముహూర్తం రెండు నిమిషాలు వేచి ఉంది. సూర్యచంద్రులు కూడా వేచి ఉన్నారనే అనుకుంటాను.

కురుమయ్య సభ్యత గల మనిషి. తన మూడు లక్షలను చంకలో పెట్టుకొని దగ్గరకు వచ్చి, ఆ లెన్సు ఎక్కడిదని మెల్లగా అడిగాడట. "లోకలన్నా" అన్నదట మల్లిక. చెప్పడం ఇష్టం లేక అలా అంటున్నదని అతడు నవ్వి, ఆ అడుగు జాగా ఆమెకు వదిలేశాడు.

ఫలితం? ఒక్క వీపు లేదు! ఆల్బం మొదటి పేజీ నుండి చివరి వరకు వెదికాను, లేదు. అడ్డపు వెలుతురును గొట్టం ఆపినందువల్ల రంగులు కూడా కొంచెం తేరుకున్నాయి. ధర నాణ్యతను పెంచుతుందని ఇంతకంటె రుజువు ఏం కావాలి? కారణం: ఖరీదుగా కనిపించడం. కార్యం: జనం జరగడం. జరిగితే కనబడుతుంది. కనబడితే బాగా వస్తుంది. ఈ సూత్రంలో గాజు పాత్ర ఏమీ లేదని ఎవరైనా అంటే, అది సూత్రం తప్పు కాదు, గాజు తప్పు.

ఆ ఆల్బంలో ఒక ఫొటో ఉంది. కన్యాదానం వేళ అమరేందర్ రెండు చేతులతో రాగి చెంబు పట్టుకొని ఉన్నాడు. కళ్లద్దాలు జారి ముక్కు కొనకు వచ్చాయి. సర్దుకుందామంటే చేయి వదిలే వీలు లేదు. పక్కన ఉన్న అక్షిత నిండా గాజులున్న చేయి చాచి, చూపుడు వేలితో తండ్రి కళ్లద్దాలను పైకి నెట్టింది. సెకనులో అయిపోయింది. ఆ సెకనులో కురుమయ్య పెళ్లికొడుకు ఉంగరాన్ని తీస్తున్నాడు, చాలా స్పష్టంగా వచ్చింది. మల్లిక అప్పటికే తడి నేల మీద మోకాలు ఆనించి, కళ్లద్దాలు జారడం మొదలైనప్పటి నుండి ఆ చేయి లేస్తుందని ఎదురుచూస్తున్నది.

అమరేందర్ ఆ పేజీ తిప్పి, మళ్లీ వెనక్కి వచ్చాడు. మళ్లీ తిప్పాడు, మళ్లీ వచ్చాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మూడు లక్షల లెన్స్ అంటే గిట్లుంటది చిన్నమ్మా" అన్నాడు. ఎవరూ చెప్పని ధరను అతడే కట్టేశాడు.

అప్పుడు చెప్పి ఉండవలసింది. తడిసిన కళ్ల ముందు పాఠం ఎందుకని ఊరుకున్నాను. ఆ క్షణంలో నేను పూచీ పడింది గొట్టానికి. నా విద్యార్థినికి కాదు.

చివరి పేజీలో తన పేరు వేయవచ్చా అని మల్లిక ముందే అడిగిందట. "జాగా ఉంటే ఎయ్యమ్మా" అన్నాడట అమరేందర్. జాగా లేకపోయింది. ఆ పేజీ నిండా లెన్సు ఫొటో వేయించాడు.

తరువాత ఫోన్లు మొదలయ్యాయి. నల్లగొండ నుండి, మిర్యాలగూడ నుండి, వనపర్తి నుండి. సీజను నిండింది. ఫారం సొరుగులోకి వెళ్లింది. నా సిద్ధాంతం అన్ని విధాలా విజయవంతమైంది. ఇక్కడితో ఈ వ్యాసం ముగించి ఉండేదాన్ని. కానీ మొన్న నేను మల్లిక దుకాణంలో కూర్చుని ఉండగా కొత్తకోట నుండి ఒక పెద్దమనిషి ఫోను చేశాడు. ఆమె చేతుల్లో ఏదో పని ఉండి స్పీకరు పెట్టింది. ఆయన తేదీ చెప్పి, ఆ రోజుకు లెన్సు ఖాళీగా ఉందా అని అడిగాడు.

"లెన్స్ ఖాళీగనే ఉందన్నా. నేనే ఖాళీ లేను. గా దినం ఇంకో పెండ్లి ఒప్పుకున్న, చిన్నది."

అవతల కాస్త ఆలోచన. తరువాత ఊరట నిండిన గొంతు వినిపించింది.

"గట్లయితే ఫికరేముంది బిడ్డా. లెన్స్ పంపియ్యి. మనిషిని మేం చూసుకుంటం."

ఆయన మంచివాడే. మాటలో వెటకారం లేదు. కిరాయి ఎంతో కూడా తగవులాడలేదు. పాత్రల దుకాణంలో గుండిగ అడిగినట్టు అడిగాడు.

మల్లిక ఫోను పెట్టేసి, సొరుగు లాగి ఆ ఫారం తీసింది. నా ముందు పెట్టి మొదటి గడి మీద వేలు ఉంచింది.

"గోలీల కంపెనోల్లన్న ముందుగాల నా పేరడిగిన్రు మేడం."

ఆ వేలు వైపు చూస్తూ మొదటి నుండి లెక్క వేశాను. అమరేందర్ ఆనాడు "ఎవరి బిడ్డ?" అని అడిగితే చెప్పాను. "లెన్స్ ఎంతది?" అని అడిగితే అరగంట చెప్పాను. ఆ పిల్ల ఎలా చూస్తుందో ఒక్క మాట చెప్పి ఊరుకున్నాను. అతడు ఆ మాట దాటి వెళ్లిపోతుంటే చేయి పట్టి ఆపలేదు. జనం జరగకపోవడానికి కారణాలు వెదుకుతూ బయలుదేరినదాన్ని, వరుసలో మొదటి వీపు నాదేనని లెక్క చివర తేలింది.

ఇదంతా రాస్తే ఒప్పుకున్న పెళ్లిళ్లు పోతాయేమో అన్నాను. మా అమరేందర్ నాతో మాట్లాడడం మానేస్తాడేమో అని కూడా అన్నాను. ఆ రెండో భయాన్ని ఆమె పట్టించుకోలేదు.

"పైపనే రాయుండ్రి మేడం. పోయెటోళ్లు పోతరు. ఎవరు ఉంటరో నాకు జర తెల్వాలె."

డేవిడ్ షెడ్డులో తల వంచుకొని మోటారు వైరు చుడుతున్నాడు. కాసేపటికి వచ్చి ఆ గొట్టాన్ని కెమెరా నుండి విప్పి, పైపు ముక్కల పక్కన పెట్టి వెళ్లాడు.

ఫారం గడువు ఈ నెలాఖరు. కాబట్టి కొత్తకోట వారికీ, లెన్సు వెలలో నాణ్యతను దర్శించే నా ప్రియ పాఠకులందరికీ ఒక మనవి. నాలుగంగుళాల గొట్టం ఏ బోరు సామాన్ల దుకాణంలోనైనా అడుగుల లెక్కన దొరుకుతుంది, ఏ తేదీకైనా దొరుకుతుంది. మల్లిక కావలసినవారు మాత్రం ముహూర్తం మార్చుకోవలసి ఉంటుంది.